పార్కింగ్ జాగాకు నీళ్ళింకే బ్లాకులా, సిమెంటు కాంక్రీటా? మోరీలకు పోయే ఆయిల్ సంగతి తేల్చుకుందాం

వర్ధా ఒడ్డు:

అందరికీ నమస్తే. మహారాష్ట్రల చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో మా షాపుల కాంప్లెక్సు ముందర సుమారు 600 చదరపు మీటర్ల పార్కింగ్ జాగ ఉన్నది. పాత తారు మొత్తం లేచిపోయింది. వానలు రాకముందే కొత్తగ వెయ్యాలని కమిటీల అనుకున్నం. కాంట్రాక్టరు 15 సెంటీమీటర్ల కాంక్రీటు పోసి, మోరీ దిక్కు వాలు పెట్టిస్తా అంటున్నడు. కమిటీ సెక్రటరీగ నాకు అది మనసుకు వస్తలేదు.

జూన్ల మొదటి గట్టి వాన పడ్డప్పుడు ఆ జాగలకెల్లి పోయే నీళ్ళు చూస్తే కడుపు తరుక్కుపోతది. నీలం, ఊదా, పసుపు రంగులల్ల తేలుకుంట మోరీలకు, మోరీలకెల్లి నాలాకు, నాలాలకెల్లి వర్ధా నదికి. 25 మి.మీ. వాన అంటే ఈ జాగ మీద 15,000 లీటర్ల నీళ్ళు. ఏడు నెలల నుంచి కార్లు, ఆటోలు, బండ్ల కింద కారిన ఆయిల్ అంత ఒక్క గంటల కడుక్కపోతది. కాంక్రీటు వేస్తే ఇంకింత జల్ది పోతది, అంతే.

నీళ్ళింకే బ్లాకుల గురించి చదివిన. బ్లాకుల నడుమ సందులల్ల సన్న రాతి చిప్స్ నింపుతరు, కింద ఒక గుడ్డ పొర, గిట్టి (కంకర) పరుపు ఉంటయి, ఆయిల్ ఆ రాళ్ళకు, గుడ్డకు అంటుకుంటది, సూక్ష్మజీవులు దాన్ని తింటయి అంటున్నరు. ఖర్చు ఎక్కువే. మన దిక్కు ఇది నడుస్తదా? తెలిసినోళ్ళు చెప్పుండ్రి. కమిటీల మాట్లాడాలె.

ఓపెన్‌కాస్ట్:

చెల్లె, నీ బాధ నిజమే గని ఈ బ్లాకులు మన జాగకు పనికిరావు. బొగ్గు గనులల్ల నౌకరీ చేసినోణ్ణి, ఈ ఊరి దుమ్ము నాకు ఎరుకే. రాజురా రోడ్డు మీద కిటికీ తలుపు ఒక పూట తీసిపెట్టు, బల్ల మీద వేలితోటి పేరు రాయొచ్చు. ఆ బొగ్గు పొడి, టైర్లకు అంటుకొని వచ్చే నల్లరేగడి బురద, రెండూ కలిసి ఆ సందులల్ల దిగితే ఇంక సిమెంటు పెట్టినట్టే. పైసలు పోసి నీళ్ళింకేది వేసుకుంటిరి, రెండో వానాకాలానికి అది నీళ్ళు నిలిచేది అయితది.

ఇంకోటి, కింద ఉన్నది నల్లరేగడి. నీళ్ళు తాగితే ఉబ్బుతది, ఎండకు పగుల్తది. మన దగ్గర మే నెలల 47 డిగ్రీలు దాటుతది. దాని మీద బ్లాకులు పరిచి నీళ్ళు లోపలికి పంపుడంటే పునాది మనమే తవ్వుకున్నట్టు. కాంక్రీటే మంచిది. ఆయిల్‌కు వేరే ఉపాయం చూద్దాం.

నాందేడ్ సివిల్:

ఓపెన్‌కాస్ట్ గారు చెప్పిన రెండు అభ్యంతరాలూ గట్టివే. కానీ రెండింటికీ డిజైన్‌లో జవాబు ఉంది.

ముందు నేల. నల్లరేగడి మీద నీళ్ళను కిందికి ఇంకించకూడదు. గుంత అడుగున, పక్కల మందపాటి ప్లాస్టిక్ లైనరు పరచాలి. దాని మీద 30 సెంటీమీటర్లు కడిగిన గిట్టి, అడుగున చిల్లుల పైపు. వాన నీరు ఆ గిట్టిలో ఆగి, పైపులోంచి మెల్లగా మోరీకి వెళుతుంది. కింది మట్టికి చుక్క తగలదు. గిట్టిలో ఖాళీలు నూటికి 40 వంతులు ఉంటాయి కాబట్టి ప్రతి చదరపు మీటరులో 120 లీటర్లు పడతాయి, అంటే 120 మి.మీ. వాన. అలాంటి వాన మనకు జులై, ఆగస్టుల్లో ఎప్పుడో ఒకసారి పడుతుంది.

ఇక ఆయిల్. 1980ల్లో నాటింగ్‌హామ్‌లోని ఒక కాలేజీ పార్కింగ్‌లో ఈ పద్ధతిని కట్టి నీటి నాణ్యత కొలిచారు. తర్వాత కోవెంట్రీ విశ్వవిద్యాలయంలో ప్రాట్, న్యూమన్, బాండ్ అనే పరిశోధకులు ప్రయోగశాలలో ఇలాంటి పరుపే కట్టి, దాని మీద రోజువారీ కారే లెక్కలో ఇంజన్ ఆయిల్ చల్లుతూ, కృత్రిమంగా వాన కురిపిస్తూ ఏళ్ళ తరబడి గమనించారు. 1999లో ప్రచురించిన ఫలితం ప్రకారం కింది నుంచి బయటికొచ్చిన నూనె, వేసినదాంట్లో నూటికి 2.4 వంతులు మాత్రమే. ముందు ఆయిల్ బ్లాకుల కింద పరిచే జియో టెక్స్‌టైల్ అనే గుడ్డకూ రాళ్ళకూ అంటుకుంటుంది, తర్వాత గాలి ఆడే ఆ ఖాళీల్లో పెరిగే బ్యాక్టీరియా, ఫంగస్ దాన్ని విరగ్గొడతాయి. వాటికి గాలి, తేమ, కాస్త నత్రజని, భాస్వరం కావాలి. వాళ్ళు నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు వాడారు.

మన దగ్గర ఈ పని చెడేది క్రషర్ డస్ట్, అంటే కంకర మిల్లు సన్న రాతిపొడి వల్ల. మామూలు పేవర్ బ్లాకుల పనిలో మేస్త్రీలు కింద డస్ట్ పరిచి, సందుల్లో ఇసుక తోసి, పైన వైబ్రేటర్ తిప్పుతారు. అందులో నీళ్ళు దిగవు. నీళ్ళింకే పనిలో డస్ట్ ఒక్క తట్ట కూడా పడకూడదు. పరుపు, సందులు అంతా కడిగిన చిప్సే, 2 నుంచి 6 మి.మీ. మేస్త్రీకి ఇది ముందే చెప్పి, దగ్గర నిలబడి చేయించాలి. లేకపోతే అలవాటు కొద్దీ డస్ట్ పోసేస్తాడు.

ఓపెన్‌కాస్ట్:

> కింది నుంచి బయటికొచ్చిన నూనె, వేసినదాంట్లో నూటికి 2.4 వంతులు

సార్, ఆ వాన ఇంగ్లండు వాన. ఏడాది పొడుగూత తడి ఉంటది, పురుగులు బతుకుతయి. మన దగ్గర నవంబరు నుంచి జూన్ దాక చుక్క నీళ్ళు ఉండయి. ఎండిన గుడ్డల ఏ జీవి బతుకుతది? అన్ని నెలలు ఆయిల్ పేరుకుంటనే ఉంటది, జూన్ల మొదటి దెబ్బకు మొత్తం పైపులకెల్లి కిందికి దిగుతది. అప్పుడు మోరీల పడేది, పైపుల పడేది ఒకటే కాదా?

నాందేడ్ సివిల్:

మంచి ప్రశ్న, దీన్ని దాటవేయను. ఎండాకాలంలో జీవుల పని బాగా మందగిస్తుంది. కానీ ఇంజన్ ఆయిల్ నీళ్ళతో కరిగిపోయే సరుకు కాదు. దుమ్ముకు, రాయికి, గుడ్డకు అంటుకుంటే వాన ధారకు అంత తేలిగ్గా ఊడదు. తడి తగిలిన వెంటనే జీవులు మళ్ళీ లేస్తాయి, వానాకాలంలో మన వెచ్చదనం వాటికి ఇంగ్లండు చలికంటే ఎంతో మేలు. ఆపడం, తినడం అనే రెండు పనుల్లో ఆపడం ఏడాది పొడుగునా జరుగుతుంది.

ఇంకో లెక్క చూడండి. రంగులు కనిపించే నూనె పొర మందం 0.3 మైక్రోమీటర్ల నుంచి మొదలవుతుంది. అంటే వెయ్యి చదరపు మీటర్ల నీళ్ళ మీద ఆ రంగులు పరవడానికి దాదాపు 300 మిల్లీలీటర్లు చాలు, ఒక టీ గ్లాసు రెండు మూడు సార్లు నింపినంత. చూడ్డానికి భయంకరంగా ఉన్నా పరిమాణం తక్కువ. ఇంత తక్కువ, ఇంత పలుచగా పరుచుకున్న నూనెను పట్టడానికే ఈ పరుపు పుట్టింది.

గ్యారేజ్ కాక:

అక్కా, నేను బండ్ల పని చేసేటోణ్ణి. మీరందరు చుక్కల గురించి మాట్లాడుతున్నరు, డబ్బాల గురించి ఎవ్వరు మాట్లాడరేంది?

ఒక కారుకు ఆయిల్ మారిస్తే మూడు నుంచి నాలుగు లీటర్ల నల్ల ఆయిల్ దిగుతది. మోటర్ సైకిల్‌కు దగ్గర దగ్గర లీటరు. లారీకైతే పదిహేను లీటర్లు దాటుతది. మంచిగ పని చేసే గ్యారేజీలల్ల దాన్ని డ్రమ్ముల పోస్తరు, కొనేటోడు వచ్చి తీస్కపోతడు. సెంట్రింగ్ పలకలకు పూసేటోళ్ళు కూడ కొంటరు. గని రోడ్డు పక్కన బోల్టు ఇప్పి మోరీలకు వదిలేటోళ్ళు ఉన్నరు, నా కండ్లతోటి చూస్తున్న. ఫిల్టరు తీసి గోడకు బోర్లించి పెడతరు, తెల్లారేసరికి దాని కింద నల్ల మడుగు. ఒక్క లారీ ఆయిల్ మోరీల పడితే మీ కాంప్లెక్సు పార్కింగ్ ఎన్నేండ్లు కారితే దానికి సమానం?

ఇంకో భయం. మీరు ఆయిల్ తినే బ్లాకులు అని బోర్డు పెడితే, మావోళ్ళు బేఫికర్‌గ అక్కడ్నే బండి ఇప్పుతరు. "అది తింటది కదా" అంటరు. నా మాట అయితే కాంక్రీటు, బ్లాకు అని కొట్లాడుడు తర్వాత. ముందు అక్కడ ఆయిల్ మార్చనిచ్చేది లేదని రాయుండ్రి, కారే బండి కింద పెట్టనీకి ఒక రేకు ట్రే, బస్తెడు రంపపు పొట్టు వాచ్‌మన్ దగ్గర పెట్టుండ్రి.

నాందేడ్ సివిల్:

కాక మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. సెంట్రింగ్ పలకలకు పూయడం కూడా సరైన దారి కాదు, అది వానకు కడుక్కుపోయి మళ్ళీ మట్టిలోకే చేరుతుంది.

గ్యారేజీలు, పెట్రోలు బంకులు, సర్వీసింగ్ సెంటర్ల దగ్గర నీళ్ళింకే నేల వేయొద్దని అమెరికా పర్యావరణ సంస్థ మార్గదర్శకాలు కూడా చెబుతాయి. అక్కడ గట్టి నేల, చుట్టూ గట్టు, చివర ఆయిల్ సెపరేటరు చాంబరు ఉండాలి. లీటర్ల కొద్దీ ఒకేసారి పడితే గుడ్డ పట్టలేదు, జీవులు తినలేవు. ఈ బ్లాకులు నిలిపిన బండి కింద రోజూ కారే చుక్కలకే.

బావి దగ్గర:

టీచర్‌ను, చంద్రపూర్ నుంచి రాస్తున్నాను. నాకు ఒక్క సంగతి స్పష్టంగా కావాలి. లైనరు వేస్తారు సరే. అది చిరిగితే? పైన కారు బరువు, కింద నల్లరేగడి ఉబ్బడం, కుంగడం. మా వీధిలో ఇంకా బావి నీళ్ళే వాడే ఇళ్ళున్నాయి. ఇంజన్ ఆయిల్ రాళ్ళకు అంటుకుంటుందంటే నమ్ముతాను, కానీ పెట్రోలులో బెంజీను అనే విష రసాయనం ఉంటుంది, అది నీళ్ళలో కరుగుతుంది. తాగే నీళ్ళలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంత చిన్న మోతాదును గుడ్డా, గిట్టీ ఆపుతాయా? మోరీలో పోయే విషం కనీసం కంటికి కనిపిస్తుంది. బావిలోకి దిగింది కనిపించదు. పిల్లలు తాగే నీళ్ళ విషయంలో "దాదాపు" అనే మాట నాకు సరిపోదు.

నాందేడ్ సివిల్:

బావి దగ్గర గారూ, మీ భయం న్యాయమైనది. పెట్రోలు చుక్క మన ఎండకు చాలావరకు గాలిలో కలిసిపోతుంది, కానీ వానలో కారిందాన్ని గుడ్డ పూర్తిగా ఆపుతుందని చెప్పలేను. అందుకే తాగే నీటి బావి పక్కన ఈ పని వద్దే వద్దు, లైనరు ఉన్నా సరే. వర్ధా ఒడ్డు గారు తమ కాంప్లెక్సు చుట్టూ బావులు, చేతిపంపులు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు రాయాలి.

వర్ధా ఒడ్డు:

మా వెనుక వీధిల ఒక పాత బావి ఉన్నది, తాగరు, బట్టలకు వాడుతరు. జాగ మూలకెల్లి లెక్క పెడితే ఆ బావి రోడ్డు అవతల, చాలా దూరమే. అయినా బావి దిక్కు మూలకు ఏం వెయ్యం, అది ఖరారు.

బరంపురం వాసి:

మాది గంజాం జిల్లా అండీ, బరంపురం. మాకు నల్లరేగడి లేదు, చాలాచోట్ల ఎర్రమట్టే, నీళ్ళు బాగానే ఇంకుతాయి. ఇక్కడ మాకు తెలిసిన ఒక కల్యాణమండపం ముందు ఇలాంటి బ్లాకులు వేశారు, నేను దగ్గరుండి చూస్తున్నాను గనక రాస్తున్నాను.

మూసుకుపోవడం గురించి పెద్దాయన అన్నది అబద్ధం కాదు. కానీ జాగా అంతా ఒక్కలాగ మూసుకుపోలేదు. గేటు దగ్గర, ఖాళీ స్థలంలోంచి మట్టినీళ్ళు దొర్లి వచ్చే వేపు, నడిదారిలో టైర్లు తిరిగే చోట, అక్కడే సందులు నల్లగా బిగిసిపోయాయి. బళ్ళు నిలిపే గళ్ళల్లో చిప్స్ ఇప్పటికీ వేలితో కదిపితే కదులుతాయి. బిగిసిన చోట కూడా పైన ఒకటి, రెండు సెంటీమీటర్ల మేరే గట్టి పడింది. ఇనుప ఊచతో సందు గీకి, ఆ మట్టి ఎత్తేసి, కొత్త చిప్స్ పోస్తే మళ్ళీ నీళ్ళు దిగాయి.

ఎలా తెలిసిందంటారా? అడుగు తీసేసిన 30 సెంటీమీటర్ల వెడల్పు బకెట్టును బ్లాకుల మీద బోర్లించి, అంచు చుట్టూ పుట్టీ పెట్టి, 18 లీటర్ల నీళ్ళు పోసి గడియారం చూడడమే. మంచి గళ్ళల్లో నిమిషం పట్టలేదు. గేటు దగ్గర టీ తాగొచ్చేసరికి కూడా సగం నీళ్ళు అలాగే ఉన్నాయి.

నాందేడ్ సివిల్:

బరంపురం వాసి గారూ, ఈ పరీక్షే అమెరికా ప్రమాణాల్లోనూ ఉంది, అదే వెడల్పు, అవే 18 లీటర్లు. మీ మాటకు ఒక లెక్క కలుపుతాను. ఆ బకెట్టులో 18 లీటర్లు దిగడానికి గంట పట్టినా, ఆ నేల గంటకు దాదాపు 250 మి.మీ. వాన మింగుతున్నట్టే. మన దగ్గర అంత వాన గంటలో పడదు. కొత్తలో నీళ్ళు దిగే వేగంలో నూటికి 90 వంతులు పోయినా ఇంకా పనికొస్తుంది.

ఓపెన్‌కాస్ట్:

లెక్క మంచిగనే ఉన్నది సార్. గని ఆ సందు గీకేటోడు ఎవడు? బరంపురంల ఈ తమ్ముడు ఉన్నడు కాబట్టి గీకిన్రు. మా దిక్కు ఊడ్చేటోడు చీపురుతోటి దుమ్మును సందులకే తోస్తడు. మొదటి ఏడాది అందరికీ ఉత్సాహం, మూడో ఏడాది కమిటీ మారుతది, ఆ ముచ్చట తెలిసినోడు ఉండడు.

అందుకే నా ఉపాయం వేరే. మొత్తం కాంక్రీటు వెయ్యండ్రి, నీళ్ళన్నీ ఒక్క మూలకు వాలనియ్యండ్రి. అక్కడ మోరీకి ముందు ఒక పొడుగాటి గుంత, దాంట్ల ఇసుక, గిట్టి, పైన వట్టివేరు గడ్డి. ఆయిల్, బొగ్గు పొడి అంత అక్కడ్నే ఆగుతది. మూసుకుపోతే కంటికి కనిపిస్తది, పార పట్టుకొని ఎవడైనా పైపొర ఎత్తేస్తడు. 600 మీటర్లు గీకుడు కన్న ఒక్క గుంత ఎత్తుడు సులువు కాదా?

నాందేడ్ సివిల్:

ఇది నిజంగా మంచి ప్రతిపాదన, నేను తోసిపుచ్చను. ఒక్క చిక్కు ఉంది. 600 చదరపు మీటర్ల నీళ్ళు ఒకే గుంతలో పడితే గట్టి వానకు అది పొర్లుతుంది. పొర్లిన నీళ్ళలోనే మొదటి వాన ఆయిల్ ఉంటుంది. పైగా గుంత అడుగున నీళ్ళు నిలిస్తే గాలి ఆడదు, నూనె తినే జీవులు అక్కడ పని చేయలేవు.

రెండూ కలిపి చూద్దాం. వర్ధా ఒడ్డు గారూ, ఇప్పుడు ఉన్న పాత నేలను ఒకసారి జాగ్రత్తగా చూడండి. నల్ల మరకలు ఎక్కడున్నాయి?

వర్ధా ఒడ్డు:

చూసిన. ప్రతి గడిల ముందర దిక్కు, కారు ఇంజన్ వచ్చే జాగల, పళ్ళెమంత గుండ్రటి మరకలు. ఆటోలు నిలిపే దిక్కైతే వెనుక చక్రాల నడుమ, ఒకదాని మీద ఒకటి. నడిదారిల మరకలు తక్కువ, అక్కడ అంత దుమ్మే. లోడు లారీ కూడ నడిదారిలనే నిలబడ్తది.

నాందేడ్ సివిల్:

అదే కావాలి నాకు. ఆయిల్ గళ్ళలో పడుతుంది, దుమ్ము దారిలో పడుతుంది. ఒకదాన్ని పట్టే పరుపును రెండోదాని కింద ఎందుకు పెట్టాలి? నడిదారి మొత్తం కాంక్రీటు వేయండి, వాలు గళ్ళ వైపు కాకుండా ఓపెన్‌కాస్ట్ గారి వట్టివేరు గుంత వైపు పెట్టండి. గళ్ళలో మాత్రం లైనరు, గిట్టి, 80 మి.మీ. బ్లాకులు. దారికీ గళ్ళకూ మధ్య నాలుగు వేళ్ళ ఎత్తు వాలుగట్టు ఉంటే కారు ఎక్కుతుంది, బురద నీళ్ళు దాటవు. లారీ గళ్ళ మీదికి ఎక్కకూడదు, దాని బరువుకు ఈ పరుపు కుంగుతుంది. గీకాల్సిన జాగా సగానికి తగ్గుతుంది, గుంతకు వచ్చే నీళ్ళూ తగ్గుతాయి.

గీకిన మట్టిని మాత్రం నాలాలో పారేయకండి. టైర్ల జింకు, బ్రేకుల రాగి, ఆయిల్ అన్నీ అందులోనే ఉంటాయి. సంచుల్లో కట్టి వేరుగా పెట్టాలి.

సిరొంచ రేవు:

ఇంతసేపు చదువుకుంట ఉన్న, ఒక మాట చెప్పాలె. మీ వర్ధా పోయి వైన్‌గంగల కలుస్తది, రెండూ కలిస్తే ప్రాణహిత, ఆ ప్రాణహిత మా ఊరి ముందట్నుంచి పోయి కాళేశ్వరం కాడ గోదావరిల పడ్తది. 2022 ఏప్రిల్‌ల పుష్కరాలకు ఇటు సిరొంచల, అటు కాళేశ్వరంల ఎంతమంది మునిగిన్రో మీకు తెలుసు. మీ దగ్గర సగం జాగకు వేస్తే ఏం ఫాయిదా అని ఎవ్వరన్న అంటే వినకుండ్రి. కింద ఉన్నోళ్ళకు పైన ఆగిన ప్రతి చుక్క లెక్కనే.

ఓపెన్‌కాస్ట్:

గళ్ళకు మాత్రమే అంటే నేను అడ్డం చెప్పను. గని బొగ్గు పొడి గాలికి కూడ వస్తది, గడి అని, దారి అని చూడదు. ఒక్కసారే అన్ని గళ్ళు వెయ్యకుండ్రి. ఆటోలు నిలిపే దిక్కు ముందుగాల వెయ్యండ్రి, ఎక్కువ కారేది అక్కడ్నే. రెండు వానాకాలాలు చూసి మిగిలినయి వేసుకోవచ్చు. గీకే పని ఎవరిదో కూడ తీర్మానంల రాసిపెట్టుండ్రి, పేరుతోటి కాదు, వాచ్‌మన్ పని అని. మనిషి మారినా పని మారదు.

గ్యారేజ్ కాక:

ఆటోవాళ్ళతోటి నేను మాట్లాడ్త. వాళ్ళ బండ్లకు సీళ్ళు అరిగే కారుతది, రెండు నిమిషాల పని, పైసలు కూడ పెద్దగ కావు. ఆయిల్ మార్చుకునేటోళ్ళను నా దగ్గరికి పంపుండ్రి, డ్రమ్ము నా దగ్గర ఉన్నది.

వర్ధా ఒడ్డు:

అందరికీ మనసారా థాంక్స్. కమిటీల ఇట్ల పెడుత: నడిదారి కాంక్రీటు, చివర్ల వట్టివేరు గుంత, ఆటోల దిక్కు గళ్ళకు లైనరు వేసి నీళ్ళింకే బ్లాకులు. బావి దిక్కు మూల ముట్టం. డస్ట్ లారీ గేటు లోపలికి రానియ్యం. సివిల్ సార్, ఇంకోటి అడుగుత. అది పని చేస్తున్నదా లేదా అని మాకు ఎట్ల తెలుస్తది? బకెట్టు పరీక్ష నీళ్ళు దిగుడే చెప్తది కదా, ఆయిల్ సంగతి చెప్పదు.

నాందేడ్ సివిల్:

చిల్లుల పైపు చివరను మోరీలో పూడ్చేయకండి. మోరీ గోడలోంచి ఒక జానెడు బయటికి పెట్టించండి, కింద సీసా పట్టేంత ఎత్తులో. జూన్ మొదటి వానకు ఒక సీసా అక్కడ, ఇంకో సీసా నడిదారి నీళ్ళు గుంతలో పడే చోట పట్టి, రెండూ ల్యాబుకు ఇచ్చి ఆయిల్ అండ్ గ్రీజు కొలిపించండి. గాజు సీసాలే వాడాలి, ప్లాస్టిక్‌కు నూనె అంటుకుని లెక్క తప్పుతుంది. నదుల్లోకి వదిలే వ్యర్థజలాలకు మన దేశంలో లీటరుకు 10 మిల్లీగ్రాముల హద్దు ఉంది, దాన్నే కొలబద్దగా పెట్టుకోండి. ఫలితం ఏది వచ్చినా ఇక్కడ రాయండి, ఓపెన్‌కాస్ట్ గారూ నేనూ దాని మీద మళ్ళీ వాదించుకుంటాం.